జూన్ జాబితా, అమ్మ కుట్టు మిషను

అక్క: ఎర్ర చుక్క వెలిగింది, రికార్డు అవుతోంది. అందరికీ నమస్కారం. పోయిన ఎపిసోడ్ తర్వాత మజ్జిగ మిరపకాయల గొడవ ఎటు తేలిందని చాలామంది అడిగారు. ఆ విషయం మీద ఇక మాట్లాడకూడదని ఇంట్లో ఒప్పందం.

తమ్ముడు: నేను సంతకం పెట్టలేదు.

అక్క: బావ పెట్టారు, చాలు. ఈ రోజు విషయం జూన్ జాబితా. 12న బడులు తెరుస్తారు. ఉద్యోగాలు చేసుకుంటూ పిల్లల్ని చదివించుకునేవాళ్లకు ఏడాదిలో అన్నిటికంటే బరువైన నెల ఇదే. ఫీజు, పుస్తకాలు, యూనిఫాం, బూట్లు, వ్యాను డబ్బులు, అన్నీ ఒకే నెల జీతంలోంచి పోవాలి. దేనికి ఎంతవుతుందో, ఎక్కడ తగ్గించుకోవచ్చో వరుసగా చెప్పుకుందామని కూర్చున్నాం.

తమ్ముడు: కరెంటు బిల్లు కూడా రాయి.

అక్క: అప్పుడేనా?

తమ్ముడు: రాయాలి కదా అక్కా! మే నెల ఉక్కపోతలో కాల్చిన కరెంటుకు బిల్లు వచ్చేది జూన్‌లోనే. 126 నుంచి 225 యూనిట్ల దాకా యూనిట్‌కు 6 రూపాయలు. 226వ యూనిట్ నుంచి 8 రూపాయల 75 పైసలు. 400 దాటితే 9.75. విశాఖ మధురవాడలో మా ఇల్లు పై అంతస్తు, రాత్రి పదింటికి కూడా గోడ మీద చెయ్యి పెట్టలేం. పాప వీపంతా చెమటకాయలు. ఏసీ వేయకుండా ఎలా పడుకోబెట్టాలి?

అక్క: పెరిగిన రేటు దాటిన యూనిట్లకే, మొత్తం బిల్లుకు కాదు. అది కూడా చెప్పు, లేకపోతే వినేవాళ్లు భయపడతారు.

తమ్ముడు: దాటినవాటికే. దాని మీద ఇంధన సర్దుబాటు చార్జీలు వేరు. నేను రోజూ పొద్దున్నే మీటరు చూసి గోడ క్యాలెండర్ మీద రాస్తున్నాను.

అక్క: రాస్తావని మాకందరికీ తెలుసు. జాబితాకు వద్దాం. మొదట నోటుపుస్తకాలు. 2025 సెప్టెంబరు 22 నుంచి నోటుపుస్తకాల మీద, పెన్సిళ్ల మీద జీఎస్టీ లేదు. అంతకుముందు 12 శాతం ఉండేది. ఆ తగ్గింపు మన చేతికి రావాలంటే మనకు నచ్చిన దుకాణంలో కొనుక్కునే వీలుండాలి. మావాడి బడిలో బడి పేరు ముద్రించిన పుస్తకాలే కావాలంటారు. వాళ్ల కౌంటరులోనే కొనాలి. కట్ట విప్పి ఏ పుస్తకం ఎంతో చూడనివ్వరు. పన్ను తగ్గిందన్న వార్త చదివి సంతోషించాను. కౌంటరు దగ్గర చూస్తే పోయిన ఏడాది కట్టినదానికంటే ఎక్కువే కట్టాను.

తమ్ముడు: ఫీజుకు మాత్రం హద్దు ఉందా? 2021లో మన రాష్ట్ర ప్రభుత్వం జీవో 53 ఇచ్చింది. కార్పొరేషన్ పరిధిలోని ప్రైవేటు బడుల్లో ప్రాథమిక తరగతులకు ఏడాదికి 12,000, ఉన్నత తరగతులకు 18,000 అని. అదే ఏడాది డిసెంబరులో హైకోర్టు దాన్ని కొట్టేసింది.

అక్క: ఒక్కో బడి ఖర్చు ఒక్కోలా ఉంటుంది, అందరికీ ఒకే గీత గీస్తే కుదరదన్న మాట నేను కూడా ఒప్పుకుంటాను. కానీ అసలు గీతే లేకపోతే తల్లిదండ్రులు ఎవరికి చెప్పుకోవాలి? ఇక తల్లికి వందనం, అంటే చదువుకునే పిల్లల తల్లులకు రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చే డబ్బు. పదిహేను వేలలో రెండు వేలు బడి నిర్వహణకు పోను 13,000 ఖాతాలో పడుతుంది. నిజంగా అవసరమున్న ఇళ్లకు అది పెద్ద ఊరట. నగరాల్లో కుటుంబ ఆదాయం నెలకు పన్నెండు వేలు దాటితే రాదు.

తమ్ముడు: కరెంటు సగటున నెలకు 300 యూనిట్లు దాటినా రాదు.

అక్క: నువ్వు ఎటు తిరిగినా మీటరు దగ్గరికే వస్తావు. మనలాంటివాళ్లు మధ్యలో ఉండిపోయాం. పథకం వచ్చేంత పేదవాళ్లం కాదు, రాకపోయినా ఫరవాలేదు అనుకునేంత ఉన్నవాళ్లం కాదు. నాకు తగ్గిన ఖర్చు ఒకటే, బస్సు. 2025 ఆగస్టు 15 నుంచి ఆధార్ చూపిస్తే ఆడవాళ్లకు సిటీ బస్సులో టికెట్ డబ్బులు లేవు. కంచరపాలెం నుంచి ఆర్టీసీ కాంప్లెక్స్‌కు రోజూ రానూపోనూ మిగిలిన డబ్బులతోనే ఈసారి మావాడికి బూట్లు కొన్నాను.

తమ్ముడు: అమ్మకు కూడా అదే కలిసొచ్చింది. బొబ్బిలి నుంచి ఎక్స్‌ప్రెస్ బస్సులో డబ్బులు లేకుండా వచ్చేయవచ్చు. అన్నట్టు, నా జాబితాలో డే కేర్ కొట్టేశాను. నెలకు ఏడున్నర వేలు మిగిలింది. వచ్చే వారం నుంచి అమ్మ మా ఇంట్లోనే ఉంటుంది.

అక్క: ఎన్నాళ్లు?

తమ్ముడు: పాప ఒకటో తరగతికి వచ్చేదాకా.

అక్క: అంటే మూడేళ్లు. అమ్మ ఒప్పుకుందా?

తమ్ముడు: సంతోషంగా ఒప్పుకుంది. మనవరాలి దగ్గర ఉండడం కంటే ఆవిడకు కావలసింది ఏముంది?

అక్క: మరి మిషను?

తమ్ముడు: ఏ మిషను?

అక్క: కుట్టు మిషను రా. మన ఇద్దరి ఫీజులు కట్టిన మిషను. అమ్మ ఇప్పటికీ జాకెట్లు కుడుతోంది. ఇంకొన్నాళ్లు పోతే శ్రావణ మాసం. వరలక్ష్మీ వ్రతాలు, పెళ్లిళ్లు. ఆ నెలలో అమ్మకు రాత్రి పదకొండు దాకా పని ఉంటుంది. ఏడాదంతా మహిళల పొదుపు గ్రూపులో అప్పు వాయిదా కట్టేది ఆ డబ్బులతోనే. నువ్వు డే కేర్ కొట్టేశానంటున్నావు. ఆ ఖర్చు ఎక్కడికీ పోలేదు. అమ్మ ఖాతాలోకి మారింది.

తమ్ముడు: వాయిదా నేను కడతానన్నాను.

అక్క: వాయిదా ఒక్కటేనా? నెలనెలా సమావేశానికి వెళ్లాలి, పొదుపు కట్టాలి. చాలా కాలం రాకపోతే ఆ గ్రూపులో ఇంకొకరు చేరతారు. ఇంటికి వచ్చే బేరాలు కూడా అంతే. ఒక శ్రావణం కుట్టకపోతే వాళ్లు వేరే చోటికి అలవాటు పడతారు. మూడేళ్ల తర్వాత ఊరికి తిరిగి వెళ్లిన మనిషికి మళ్లీ మొదటి నుంచి పని ఎవరిస్తారు?

తమ్ముడు: నువ్వు నన్ను దొంగను చేసి మాట్లాడుతున్నావు అక్కా. అమ్మను పనిమనిషిగా తీసుకురావడం లేదు నేను. మా ఇంటికి వస్తోంది.

అక్క: దొంగ అనలేదు. లెక్క అడుగుతున్నాను.

తమ్ముడు: లెక్కే కావాలంటే విను. నీ మరదలు ఆసుపత్రిలో షిఫ్టు చేస్తుంది. ఒక వారం పగలు, ఒక వారం రాత్రి. నేను మధురవాడ నుంచి దువ్వాడ దాకా బండి మీద వెళ్లి వస్తాను. ఊరికి ఆ చివర నుంచి ఈ చివరకు. నర్సరీ మధ్యాహ్నానికే వదిలేస్తారు. డే కేర్ ఆరింటికి మూసేస్తారు, ఆలస్యమైతే గంట లెక్కన అదనం. ఎన్ఏడీ జంక్షన్ దగ్గర ట్రాఫిక్‌లో ఆగిపోయిన రోజు ఆ అదనం కట్టక తప్పదు. పాప ఒక్కతే వరండాలో చెప్పులు వేసుకుని కూర్చుని ఉంటుంది. నేను వెళ్లేసరికి ఏడవదు కూడా. ఏడిస్తే నాకు ఇంత బాధ ఉండదు.

అక్క: ...

తమ్ముడు: ఉద్యోగం మానేస్తానని నీ మరదలు రెండుసార్లు అంది. నేను వద్దన్నాను. తన జీతం లేకపోతే అద్దె కట్టలేం. పైగా తను ఇష్టపడి చదువుకున్న చదువు అది. చట్టం చూస్తే అన్నీ ఉన్నాయి. 2017లో ప్రసూతి ప్రయోజనాల చట్టాన్ని సవరించారు. 50 మంది, ఆపైన పనిచేసే చోట పిల్లల సంరక్షణ కేంద్రం ఉండాలి. తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్లి బిడ్డను చూసుకోవచ్చు. 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన సామాజిక భద్రతా కోడ్‌లో కూడా 50 మంది నిబంధన ఉంది. తను వెళ్లి అడిగింది. తాళం తీసి ఒక గది చూపించారట. లోపల విరిగిన కుర్చీలు, పాత ఫైళ్లు. బోర్డు మాత్రం ఉంది.

అక్క: రాతపూర్వకంగా ఇవ్వమని చెప్పు. ఒక్కతే వెళ్లకూడదు, చిన్నపిల్లలున్న నలుగురూ కలిసి వెళ్లాలి.

తమ్ముడు: ఆ నలుగురిలో ఇద్దరు ఈపాటికే మానేశారు.

అక్క: అదే జరుగుతుంది. నాకూ అదే జరిగింది కదా. మావాడు పుట్టినప్పుడు నాన్న మంచం మీద ఉన్నారు. అమ్మ రాలేకపోయింది. నేను మానేశాను. మళ్లీ చేరేసరికి నా తర్వాత వచ్చినవాళ్లు నా పైన ఉన్నారు. ఇప్పటికీ జీతంలో ఆ తేడా అలాగే ఉంది. ధరలు పెరిగినప్పుడు ఆ తేడా ఇంకా గట్టిగా తెలుస్తుంది. ఉల్లిపాయల ధర పెరిగితే పేపర్లో వస్తుంది. ఇది ఎక్కడా రాదు.

తమ్ముడు: ఈ సంగతి నువ్వు ఎప్పుడూ చెప్పలేదు.

అక్క: ఎవరూ అడగలేదు. నీ మీద కోపంతో అనడం లేదు. కేంద్రం 2024లో చేసిన సమయ వినియోగ సర్వేలో ఇంటిపని చేసే ఆడవాళ్లు రోజుకు సగటున 289 నిమిషాలు ఆ పనికే పెడుతున్నారని తేలింది. మగవాళ్లు 88 నిమిషాలు. పిల్లల్ని, పెద్దల్ని చూసుకునే పని వేరే లెక్క. అందులో ఆడవాళ్లకు 137, మగవాళ్లకు 75. ఆ నిమిషాలకు జీతం లేదు. మనం ఉద్యోగాలకు వెళ్లగలుగుతున్నామంటే వెనక ఎవరో ఒకరు ఆ నిమిషాలు పెడుతున్నారు. నేను మానేస్తే నేను, నేను మానకపోతే అమ్మ.

తమ్ముడు: పన్నులోనైనా కొంత వదలవచ్చు కదా. ఆదాయపు పన్ను పాత విధానంలో పిల్లల చదువు భత్యానికి దశాబ్దాల పాటు ఇచ్చిన మినహాయింపు నెలకు 100 రూపాయలు. వంద! ట్యూషన్ ఫీజుకు మినహాయింపు ఉంది, డే కేర్‌కు లేదు. ఆ ఖర్చు లేకపోతే నేను ఉద్యోగానికే వెళ్లలేను. సంపాదించడానికి అయ్యే ఖర్చు అది.

అక్క: ఆ మాటకు నా ఓటు. ఇప్పుడు నా మాట కూడా విను. అమ్మ వస్తే రానీ. కానీ నెలనెలా అమ్మ ఖాతాలో డబ్బు వెయ్యి. డే కేర్‌కు కట్టేదాంట్లో సగమైనా. నేను కూడా కొంత వేస్తాను.

తమ్ముడు: అమ్మకు జీతమా? అమ్మ ఆ మాట వింటే అన్నం ముట్టదు.

అక్క: నువ్వు జీతం అని చెబితే ముట్టదు. చెప్పకుండా వెయ్యి. కూతురిగా చెబుతున్నాను, అమ్మకు చేతిలో తన డబ్బు లేకపోతే నిద్ర పట్టదు. మనవరాలికి చాక్లెట్ కొనడానికి కొడుకును అడగాల్సి వస్తే ఆవిడ నెల తిరిగేసరికి ఏదో వంక చెప్పి బొబ్బిలి వెళ్లిపోతుంది.

తమ్ముడు: ...అది నిజమే. నాన్న ఉన్నప్పుడు కూడా అడిగేది కాదు.

అక్క: మిషను కూడా తీసుకురా. మధురవాడలో అన్ని అపార్ట్‌మెంట్లున్నాయి, జాకెట్లు కుట్టించుకునేవాళ్లు లేకపోరు. పాప నిద్రపోయిన వేళ కుట్టుకుంటుంది.

తమ్ముడు: అప్పుడు విశ్రాంతి ఎప్పుడు తీసుకుంటుంది? ఇప్పటిదాకా అమ్మ చాకిరీ చేస్తోందని నువ్వే అన్నావు, ఇప్పుడు రెండు పనులు చెబుతున్నావు.

అక్క: తనకు ఏది ఇష్టమో తననే అడగాలి. నేను ఫోను చేస్తాను.

తమ్ముడు: నేను చేస్తాను. నువ్వు చేస్తే నేను ఫిర్యాదు చేశాననుకుంటుంది.

అక్క: ఇద్దరం కలిసి చేద్దాం. ఆదివారం, గ్రూపు సమావేశం అయ్యాక.

తమ్ముడు: మిషను మోటారుది. పైన లైటు, ఫ్యాను. 225 దాటేది ఖాయం.

అక్క: ఒరేయ్!

తమ్ముడు: నవ్వించాలని అనలేదు అక్కా, నిజంగానే లెక్క వేస్తున్నాను. దాటనీ. కడతాను.

అక్క: జాబితా సగం కూడా కాలేదు. త్వరగా చెప్పేస్తాను. కూరగాయలు రైతు బజారులోనే కొనండి. పొద్దున బోర్డు మీద రాసిన ధర చూసి, ఆ ధరకే అడగండి. 1999 నుంచి ఉన్న పద్ధతి ఇది, మన హక్కు. మా వైపు కంచరపాలెంలో, వాల్తేరు వైపువాళ్లకు ఎంవీపీ కాలనీలో ఉన్నాయి. చేపలు జూన్ 14 దాకా వేట నిషేధం, ఖరీదు ఎక్కువ. ఆ 61 రోజుల నిషేధం ముగిశాక బోట్లు వెళ్లి వస్తాయి, కొంచెం ఆగితే నయం. యూనిఫాం గుడ్డ కొని కుట్టించుకుంటే...

తమ్ముడు: అమ్మ కుడుతుంది.

అక్క: డబ్బులిచ్చి కుట్టించుకో. ఎవరో తలుపు కొడుతున్నారు, చూడు.

తమ్ముడు: గ్యాసు బండ. చిల్లర ఉందా నీ దగ్గర?

అక్క: డబ్బాలో ఉంది, చూడు. బూట్ల సంగతి, వ్యాను సంగతి వచ్చేసారి. ఆపుతున్నాను.