రాజీనామాకి ముందు మూడో కాలం పాడి చూడండి

నమస్కారం అండీ. కర్ణాటక సంగీతం నేర్చుకోవడం కోసం ఉద్యోగం మానేద్దామనుకునే ప్రతివాళ్లూ ఒకే లెక్క చెబుతున్నారు. "ఆఫీసుకి పోయే ఎనిమిది గంటలు మిగిలితే, ఆ ఎనిమిది గంటలూ సాధన చేసుకోవచ్చు కదా" అని. ఈ లెక్క తప్పు. ఎందుకో ఈ వీడియోలో చూద్దాం.

ఒకటి శ్రుతిలో, అంటే హార్మోనియం సి ఆధారంగా, మగవాళ్లు షడ్జం (స) పట్టుకుంటే గొంతులోని స్వరతంత్రులు సెకనుకి దాదాపు 130 సార్లు కొట్టుకుంటాయి. తారస్థాయి షడ్జానికి, అంటే పై స కి, వెళ్తే అంతకి రెట్టింపు. అలా ఎనిమిది గంటలు పాడితే వాస్తాయి, గొంతు బొంగురుపోతుంది. దాన్ని లెక్కచేయకుండా పాడుతూపోతే తంత్రుల మీద బొడిపెలు వస్తాయి. కొత్తగా మొదలుపెట్టిన పెద్దవాళ్లకి పొద్దున నలభై నిమిషాలు, సాయంత్రం నలభై నిమిషాలు చాలు. ఆ కాస్త సమయం ఉద్యోగంలో ఉన్నా దొరుకుతుంది. విశాఖ స్టీల్ ప్లాంట్‌లో షిఫ్టులు చేసేవాళ్లకి కూడా. మధ్యాహ్నం నుంచి రాత్రి దాకా ఉండే బి షిఫ్టు వారంలో సాయంత్రం కుదరదు, ఆ వారం రెండూ పొద్దునే పెట్టుకుని మధ్యలో గంట విరామం ఇవ్వండి. నైట్ దిగి వచ్చిన పొద్దున మాత్రం పాడొద్దు, నిద్రలేని గొంతు శ్రుతిలో నిలవదు.

మరి మానేయడం ఎప్పుడు? దీనికి కొత్తవాళ్లు మొదట నేర్చుకునే స్వరాల పాఠం, సరళీ వరిసనే కొలతగా పెట్టుకోండి. మాయామాళవగౌళ రాగం, మొదటి వరిస, ఎనిమిది దెబ్బల ఆది తాళం. కాలం అంటే ఇక్కడ పాడే వేగం. దెబ్బలు లెక్కగా కొట్టే మెట్రోనోమ్ 60లో పెడితే దెబ్బకి సెకను. మొదటి కాలంలో దెబ్బకి ఒక స్వరం, ఆరోహణ, అవరోహణ కలిపి 16 సెకన్లు. రెండో కాలంలో ఎనిమిది. మూడో కాలంలో నాలుగే.

(స్క్రీన్ మీద: స రి గ మ | ప ద | ని స || స ని ద ప | మ గ | రి స ||)

ఇక్కడ రిషభాన్ని (రి) చూడండి. ఇది శుద్ధ రిషభం, షడ్జానికి ఆనుకుని ఉంటుంది. దాని తర్వాత గాంధారం (గ) మాత్రం చాలా దూరం. మొదటి కాలంలో తీరిగ్గా పాడుతున్నప్పుడు రిషభం కొంచెం పైకి జరిగినా చెవికి తెలియదు. మూడో కాలానికి వచ్చేసరికి గాంధారం అందుకోవాలన్న తొందరలో రిషభం పైకి లాక్కుపోతుంది. ధైవతానిదీ (ద) అదే కథ, అక్కడ నిషాదం (ని) లాగుతుంది. ఆ తప్పు మూడో కాలంలో పుట్టింది కాదు, మొదటి కాలంలోనే ఉంది. వేగం దాన్ని బయటపెట్టింది, అంతే.

ఉద్యోగం మానడం కూడా ఇలాగే మూడు కాలాల్లో జరగాలి. మొదటి కాలం: జీతం వస్తూనే, రోజుకి రెండు పూటల సాధన, వారానికి రెండుసార్లు గురువు దగ్గర పాఠం. రెండో కాలం: ఒక నెల సెలవు పెట్టి పూర్తిగా విద్యార్థిలా బతికి చూడటం. ఖర్చు కూడా ఆ నెల విద్యార్థిలాగే పెట్టాలి. మూడో కాలం: రాజీనామా. మొదటి కాలంలో వారానికి రెండు పాఠాలకే ఎగనామం పెట్టేవాళ్లకి మూడో కాలంలో రోజంతా ఖాళీ దొరికితే, ఆ ఖాళీ రోజంతా ఎగనామానికే పోతుంది. ఇది కటువుగా ఉందని తెలుసు, అయినా చెప్పాల్సిందే.

పూర్తికాలం చదువు ఇచ్చేది గంటలు కాదండీ, వినే చెవి. మన రిషభం జరిగిన క్షణంలోనే ఆపి "మళ్లీ పాడు" అనే మనిషి రోజూ ఎదురుగా ఉండటం. సరళీ వరిసల తర్వాత నేర్చుకునే వర్ణం అనే రచనని రెండు కాలాల్లో తాళం తప్పకుండా పాడగలిగే దశకి వచ్చాక ఆ చెవి అవసరం బాగా తెలుస్తుంది. వారానికి రెండు పాఠాలు సరిపోనిది అప్పుడే. అప్పటిదాకా ఉద్యోగం అడ్డమేం కాదు.

ఇంట్లో ఆ చెవికి బదులు ఫోన్ వాడండి. ఒక ఫోన్‌లో తంబూర, ఇంకో ఫోన్‌లో రికార్డింగ్. అప్పటికప్పుడు వినొద్దు, మర్నాడు వినండి. పాడిన వెంటనే చెవి మనల్ని వెనకేసుకొస్తుంది.

టైం అయిపోతోంది, డబ్బు సంగతి గబగబా చెప్పేస్తా. ప్రైవేటు ఉద్యోగంలో ఐదేళ్లు నిండకుండా మానేస్తే మామూలుగా గ్రాట్యుటీ, అంటే మానేటప్పుడు కంపెనీ ఇచ్చే ఏకమొత్తం, రాదు. నిండితే, చివరి నెల బేసిక్, డీఏ కలిపి దాన్ని 26తో భాగించి, 15తో, మళ్లీ సర్వీసు ఏళ్లతో గుణించాలి. నలభై వేలు, పదేళ్లు అయితే 2 లక్షల 30 వేల పైచిలుకు. పీఎఫ్‌తో పాటు ఉండే ఈపీఎస్ పథకం పింఛను అర్హతకి పదేళ్ల సర్వీసు కావాలి. పదేళ్లకి కాస్త తక్కువలో ఉన్నవాళ్లు ఆగండి. కంపెనీ ఆరోగ్య బీమా మామూలుగా ఉద్యోగంతోపాటే పోతుంది, కాబట్టి సొంత పాలసీ ముందే తీసుకోండి. పాత జబ్బులకి బీమా వర్తించని వెయిటింగ్ పీరియడ్ మూడేళ్ల దాకా ఉండొచ్చు. ప్రభుత్వ ఉద్యోగులైతే రాజీనామాకీ స్వచ్ఛంద పదవీ విరమణకీ తేడా తెలుసుకోకుండా సంతకం పెట్టొద్దు. రాజీనామా చేస్తే పాత సర్వీసు పింఛను లెక్కకి రాదు.

చదువుకి మన విశాఖపట్నంలోనే ఆంధ్ర విశ్వవిద్యాలయంలో సంగీత విభాగం ఉంది. విజయనగరంలో మహారాజా సంగీత కళాశాల 1919 నుంచి నడుస్తోంది, మొదటి ప్రిన్సిపాల్ హరికథా పితామహులు ఆదిభట్ల నారాయణదాసు గారు. ఇక్కణ్ణుంచి సుమారు 60 కిలోమీటర్లు, రోజూ వెళ్లొచ్చే దూరమే. ఆ ఏడాది నోటిఫికేషన్‌లో వయసు, అర్హత చదివాకే రాజీనామా తేదీ వేసుకోండి.

వీణ నేర్చుకునేవాళ్లకి ఒక్క మాట. సముద్రపు గాలికి తీగలు తుప్పుపడతాయి, వాయించాక పొడిగుడ్డతో తుడవండి. తీగల కింద అడ్డంగా ఉండే మెట్లని నిలబెట్టేది మైనం, వేసవిలో మెత్తబడి మెట్టు కదిలితే స్వరం తప్పుతుంది. ఎండ పడే గోడ పక్కన పెట్టకండి.