ముందు స్ప్రాకెట్‌కి ఒక పన్ను పెంచితే: ఇంట్లోనే బైక్ చైన్ సెట్ మార్చుకోవడం

రమ్య: రికార్డింగ్ ఆన్ అయింది మస్తానన్నా. మన వాళ్ళు ఎక్కువగా అడుగుతున్న ప్రశ్నతోనే మొదలెడదాం. రాయల్ ఎన్‌ఫీల్డ్ ఇంటర్‌సెప్టర్ 650 బైక్‌కి ముందు 15 పళ్ళ స్ప్రాకెట్, అంటే గేర్‌బాక్స్ షాఫ్ట్ మీద చైన్ తిప్పే పళ్ళ చక్రం, తీసి 16 పళ్ళది వేస్తే స్పీడు పెరుగుతుందా?

మస్తాన్: ఎక్కడిదమ్మా స్పీడు! ఇంజన్ బలం ఎంతుందో అంతే ఉంటుంది. మారేదల్లా వెనక చక్రం ఒక చుట్టు తిరగడానికి గేర్‌బాక్స్ షాఫ్ట్ ఎన్ని చుట్లు తిరగాలన్నదే. కంపెనీ ఇచ్చింది ముందు 15, వెనక 38. రెండున్నర చుట్లు అనుకోండి. 16 వేస్తే అది 2.37కి దిగుతుంది.

రమ్య: రోడ్డు మీద ఆ తేడా తెలుస్తుందా?

మస్తాన్: బాగా తెలుస్తుంది. టాప్ గేర్‌లో 4000 ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజన్ తిరిగే చుట్లు) చూపించే చోట, అదే స్పీడుకి 3750 చూపిస్తుంది. హైదరాబాద్ నుంచి విజయవాడకి 65వ నంబర్ హైవే మీద వచ్చేవాళ్ళకి హాయిగా ఉంటుంది. 648 సీసీ, 52 న్యూటన్ మీటర్ల టార్క్ (తిప్పే బలం) ఉన్న బండి కదా, ఆ బరువు లాగేస్తుంది. ఇదే సరదా 150 సీసీ బండితో చేస్తే మాత్రం ఎదురుగాలి తగలగానే టాప్ గేర్‌లో చతికిలబడుద్ది. గేరు దించాలి, యాక్సిలరేటర్ పిండాలి. మైలేజీ కోసం వేసినవాడు ఉన్న మైలేజీ పోగొట్టుకుంటాడు.

రమ్య: మరి మా వైజాగ్ బ్యాచ్ సంగతేంటి? ప్రతి ఆదివారం అరకు ఘాట్ ఎక్కుతారు.

మస్తాన్: వాళ్ళకి దీనికి తిరగేసిన లెక్క. కేటీఎం 390 డ్యూక్ తీసుకోండి, ముందు 15, వెనక 45. సరిగ్గా మూడు చుట్లు. ముందు 14 వేస్తే 3.21 అవుతుంది. మలుపులో క్లచ్‌తో కుస్తీ తగ్గుతుంది. దిగొచ్చి హైవే ఎక్కాక ఇంజన్ అరుస్తుంది, దానికి సిద్ధపడాలి. ఇంకో మాట, ముందు స్ప్రాకెట్ చిన్నదయ్యేకొద్దీ చైన్ మరీ ఎక్కువగా వంగుతుంది, తొందరగా అరుగుతుంది. ఘాట్ కోసమే అయితే నేను వెనక రెండు పళ్ళు పెంచుతాను. ముందు ఒక పన్ను మార్చడమంటే వెనక రెండున్నర, మూడు పళ్ళు మార్చినట్టే. కాబట్టి సన్నగా సర్దుకోవాలంటే వెనకే చెయ్యాలి.

రమ్య: కొనేటప్పుడు చైన్ డబ్బా మీద 520, 428 అని ఉంటుంది. షాపువాడు ఏదిస్తే అది తెచ్చుకోవడమే తప్ప...

మస్తాన్: చదవడం తేలికేనమ్మా. మొదటి అంకె ఒక పిన్నుకీ పక్క పిన్నుకీ మధ్య దూరం, అంగుళంలో ఎనిమిదో వంతుల లెక్క. 5 అంటే 15.875 మిల్లీమీటర్లు, 4 అంటే 12.7. వెనకున్న రెండంకెలు లోపలి వెడల్పు. 20 అంటే పావు అంగుళం. స్ప్రాకెట్ మీదా అదే నంబరు ఉండాలి. చైన్, రెండు స్ప్రాకెట్లు కలిపే మార్చండి. అరిగి కొక్కెంలా వంగిన పళ్ళ మీద కొత్త చైన్ వేస్తే, డబ్బులు రోడ్డు మీద పోసినట్టే.

రమ్య: సరే, పనిలోకి దిగుదాం. ఆదివారం పొద్దున్న, అపార్ట్‌మెంట్ సెల్లార్, వెనక చక్రం గాల్లో ఉంచే ప్యాడక్ స్టాండ్ మీద బండి. మొదట చైన్ కోసేయడమేనా?

మస్తాన్: ఆగండాగండి! అందరూ బోర్లా పడేది అక్కడే. చైన్ తీసేశాక ముందు స్ప్రాకెట్ నట్టు విప్పాలంటే షాఫ్ట్ గిరగిరా తిరుగుతుంది, పట్టుకునే దిక్కుండదు. కాబట్టి చైన్ ఉండగానే, ఒకళ్ళు వెనక బ్రేకు తొక్కి పట్టుకుంటే ఇంకొకళ్ళు ఆ నట్టు లూజ్ చెయ్యాలి. దాని కింద వాషర్ అంచు మడిచి ఉంటే ముందు ఉలితో సాపు చెయ్యండి. కొన్ని బళ్ళకి నట్టు బదులు రెండు బోల్టులు, లాక్ ప్లేటు ఉంటాయి. ఆ తర్వాతే చైన్.

రమ్య: చైన్ పిన్నుని బయటికి నొక్కే పనిముట్టు, అదే చైన్ బ్రేకర్‌తో నేరుగా నొక్కెయ్యొచ్చా?

మస్తాన్: రివెట్ కొట్టిన పిన్ను తలని ముందు గ్రైండర్‌తో సమంగా అరగదీయాలి. లేకపోతే పిన్ను కదలదు, బ్రేకర్ మొనే విరుగుతుంది. గ్రైండర్ పట్టినంతసేపూ కళ్ళద్దాలు తీయొద్దు. కొత్త చైన్ రెండు కొసలూ కలపడానికి రివెట్ లింకే (పిన్ను తల నొక్కి వెడల్పు చేసేది) వేయండి. చిన్న బళ్ళకి క్లిప్ లాక్ (క్లిప్‌తో బిగించే లింకు) సరిపోతుంది, దాని మూసుకున్న వైపు చైన్ పోయే దిక్కుకి ఉండాలి. 650కి మాత్రం నేను క్లిప్ వెయ్యను. రివెట్ లింకులో నాలుగు రబ్బరు రింగులుంటాయి, డబ్బాలో ఇచ్చిన గ్రీజు పూసి రెండు లోపల, రెండు బయట పెట్టాలి. పై ప్లేటు నొక్కేటప్పుడు పక్క లింకు వెడల్పుని వెర్నియర్‌తో (సన్నటి కొలతలు తీసే పనిముట్టు) కొలిచి, అంతకే ఆపాలి. ఎక్కువ నొక్కితే రింగులు నలిగి ఆ లింకు వంగకుండా బిగుసుకుపోతుంది. పిన్ను తల ఎంత వెడల్పు కావాలో చైన్ కంపెనీ కొలత ఇస్తుంది, దానికి సరిచూడండి.

రమ్య: 16 వేస్తే చైన్ పొడవు సరిపోతుందా అన్నా?

మస్తాన్: మంచి ప్రశ్న. ఒక పన్ను పెరిగితే అర లింకు పొడవు ఎక్కువ పడుతుంది. వెనక చక్రం ముందుకి నాలుగు మిల్లీమీటర్లు జరగాలి. చక్రాన్ని ముందుకీ వెనక్కీ జరిపే అడ్జస్టర్‌లో అంత జాగా ఉందో లేదో కొనేముందే చూసుకోండి. స్ప్రాకెట్ కవర్‌కి తగలకుండా ఉందో కూడా చూడాలి.

రమ్య: ఇక లూజ్ సంగతి. మాన్యువల్‌లో ఇచ్చిన కొలత పెట్టుకుంటే చాలు కదా?

మస్తాన్: చాలు, కానీ చైన్‌లో ఎక్కడ కొలిచామన్నది ముఖ్యం. చక్రాన్ని నెమ్మదిగా తిప్పుతూ పోతే ఒక చోట చైన్ మిగతా చోట్ల కన్నా బిగుతుగా ఉంటుంది. కొలత అక్కడ. ఇంకోటి, మనిషి ఎక్కి సస్పెన్షన్ దిగితే చైన్ ఇంకా బిగుస్తుంది. ముందు స్ప్రాకెట్, స్వింగ్ ఆర్మ్ (వెనక చక్రాన్ని పట్టుకుని పైకీ కిందకీ ఆడే చెయ్యి) బోల్టు, వెనక యాక్సిల్ (చక్రం ఇరుసు), ఈ మూడూ ఒకే గీతలోకి వచ్చినప్పుడు అత్యంత బిగుతు. అప్పుడు కూడా చైన్ కాస్త ఆడాలి. స్టాండ్ మీద తీగలా బిగించి ‘మావాడు బాగా కట్టాడు’ అనుకుంటారు. వేగంగా గుంటలో పడ్డప్పుడు ఆ దెబ్బంతా గేర్‌బాక్స్ షాఫ్ట్ బేరింగ్ తింటుంది, సీల్ నుంచి ఆయిల్ కారుతుంది. చైన్ కాస్త లూజుగా ఉన్నా పర్లేదు, మరీ టైట్ మాత్రం వద్దు.

రమ్య: వెనక చక్రం సూటిగా ఉందో చూసుకునే అలైన్‌మెంట్‌కి స్వింగ్ ఆర్మ్ మీద గీతలుంటాయిగా?

మస్తాన్: ఉంటాయి, నేను వాటిని నమ్మను. స్వింగ్ ఆర్మ్ బోల్టు మధ్య నుంచి యాక్సిల్ మధ్యకి రెండు పక్కలా టేపుతో కొలవండి. రెండూ సమానమైతే సరే. యాక్సిల్ నట్టు టార్క్ రెంచ్‌తోనే (ఎంత బిగించామో చూపించే స్పానర్), మాన్యువల్‌లో ఉన్నంత బిగించండి. ఒక్కటి మాత్రం గట్టిగా చెప్తానమ్మా: చైన్ శుభ్రం చేసేటప్పుడు ఇంజన్ ఆన్ చేసి గేర్‌లో వెయ్యొద్దు. గుడ్డ పళ్ళ మధ్య చిక్కుకుంటే వేలు దానితోపాటే పోతుంది. చక్రం చేత్తోనే తిప్పండి.

రమ్య: చివరి ప్రశ్న, స్పీడోమీటర్ తప్పు చూపిస్తుందా?

మస్తాన్: సెన్సార్ ఎక్కడుందో చూసుకోండి. చక్రం దగ్గరుంటే తేడా రాదు. గేర్‌బాక్స్ దగ్గరుంటే 16 వేశాక మీటరు తక్కువ చూపిస్తుంది. మీటర్లో 75 ఉంటే బండి 80లో పోతున్నట్టు. స్పీడ్ గన్ ముందు ఆ లెక్క చెప్తే ఎవరూ వినరు మరి!