పరీక్ష ఫీజు కట్టని సారు

(హనుమకొండలో డిగ్రీ విద్యార్థుల సమావేశంలో చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం.

ఆన్‌లైన్ కోర్సుల్లో ఎలా నెగ్గాలో చెప్పమని నన్ను పిలిచారు. ముందు నేను ఓడిన సంగతి వినండి. కొన్నేళ్ల కిందట ఐఐటీల వాళ్లు నడిపే ఆన్‌లైన్ పాఠాల వేదిక ఎన్‌పీటెల్‌లో 12 వారాల గణాంకశాస్త్రం కోర్సులో చేరాను. పాఠాలన్నీ విన్నాను, అసైన్‌మెంట్లన్నీ పంపాను, మార్కులూ బాగానే వచ్చాయి. స్టాఫ్‌రూంలో కాస్త గొప్పలు కూడా పోయాను. తీరా హాల్‌టికెట్ కోసం చూస్తే లేదు. కోర్సులో చేరడం వేరు, పరీక్షకు పేరు నమోదు చేసుకుని ఫీజు కట్టడం వేరు. ఆ గడువు ఎప్పుడో దాటిపోయింది. గుర్తు చేస్తూ వచ్చిన మెయిళ్లు తెరవకుండా అలాగే పడి ఉన్నాయి. ఏళ్ల తరబడి పిల్లలకు ‘నోటీసు బోర్డు చూడండి’ అని చెప్పిన మనిషిని నేను!

కాలేజీలో అయితే అటెండరు సర్క్యులర్ పట్టుకుని తరగతికే వస్తాడు. పక్కనున్నవాడు ‘ఫీజు కట్టావా?’ అని అడుగుతాడు. ఆన్‌లైన్‌లో మీరు పాఠానికి రాకపోతే ఎందుకు రాలేదని అడిగే దిక్కుండదు. చాలామంది వెనకబడేది తెలివి చాలక కాదు, అడిగేవాళ్లు లేక. అందుకే ఒకే కోర్సులో ఇద్దరు కలిసి చేరండి. వారానికోసారి ‘ఈ వారం పంపావా?’ అని ఒకరినొకరు అడగండి. అంతకంటే పెద్ద ఏర్పాటు అక్కర్లేదు.

ఇక మార్కుల లెక్క. ఎన్‌పీటెల్ కోర్సుల్లో సాధారణంగా అసైన్‌మెంట్లకు 25, కేంద్రానికి వెళ్లి రాసే పరీక్షకు 75. 12 వారాల కోర్సైతే ఎక్కువ మార్కులు వచ్చిన 8 అసైన్‌మెంట్లనే లెక్కలోకి తీసుకుంటారు. ఇది వినగానే మనవాళ్లకు ప్రాణం లేచి వస్తుంది. నాలుగు ఎగ్గొట్టవచ్చు కదా అని మొదటి నాలుగూ ఎగ్గొడతారు! ఆ వెసులుబాటును దాచుకోవాలి. జూలైలో మొదలైన కోర్సు మధ్యలో బతుకమ్మ, దసరా వస్తాయి. జనవరిలో మొదలైతే, ఆ ఏడు మేడారం జాతర ఉంటే, ఇంట్లో మిమ్మల్ని కంప్యూటర్ ముందు కూర్చోనిస్తారా? జ్వరాలు సరేసరి.

పైగా మొదటి వారాలు పోతే పోయేది మార్కులు మాత్రమే కాదు. మనది గొలుసుకట్టు చెరువుల నేల. పై చెరువు నిండి అలుగు పారితేనే కింది చెరువుకు నీళ్లు. రెండో వారంలో సంభావ్యత అర్థం కానివాడికి ఆరో వారం పాఠం ఎండిన చెరువే.

పాఠం వినే పద్ధతి దగ్గర కొంచెం ఆగుతాను. నర్సంపేట దగ్గరి పల్లె నుంచి వచ్చే ఒక విద్యార్థిని తన నోటుబుక్కు చూపించింది. వాళ్ల ఇంట్లో సిగ్నల్ అందేది మేడ మీద నీళ్ల ట్యాంకు పక్కనే. అక్కడ వీడియోలు దించుకుని, కిందికి వచ్చి వింటుంది. పది నిమిషాలు విన్నాక ఫోను బోర్లించి, గుర్తున్నంత వరకు నీలం సిరాతో రాస్తుంది. తర్వాత మళ్లీ విని, వదిలేసినవి ఎరుపుతో నింపుతుంది. ఒక పేజీలో నీలం నాలుగే వరుసలు, మిగతాదంతా ఎరుపు. ఆ పేజీ చూపిస్తూ చిన్నబుచ్చుకుంది. నాకు మాత్రం ఆ పేజీయే నచ్చింది. తనకు ఏది రాదో అంత స్పష్టంగా తెలిసిన విద్యార్థులు ఎందరున్నారు?

ఆ అమ్మాయి సొంతంగా కనిపెట్టిన ఈ పద్ధతికి పరిశోధనల బలమూ ఉంది. 2006లో రోడిగర్, కార్పికీ అనే ఇద్దరు అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్తలు విద్యార్థులకు పాఠ్యభాగాలిచ్చి చూశారు. అయిదు నిమిషాల తర్వాత అడిగితే మళ్లీ మళ్లీ చదివినవాళ్లదే పైచేయి. వారం తర్వాత అడిగితే, పుస్తకం మూసి గుర్తు తెచ్చుకుని రాసినవాళ్లకు ఎక్కువ గుర్తుంది. మీ పరీక్ష అయిదు నిమిషాల్లో లేదు కదా.

ఇంగ్లీషు పాఠం అందడం లేదని కొందరు మొదటి వారమే మానేస్తారు. కొన్ని కోర్సుల పాఠాలకు తెలుగు అనువాదాలున్నాయి. కోర్సు పేజీలో వెతకండి. లేకపోతే వేగం తగ్గించి వినండి. ఒకటిన్నర రెట్ల వేగంతో వినడం ఘనకార్యమేమీ కాదు.

టీ వచ్చేలోగా ఒక పని చేద్దాం. అందరూ ఫోన్లు తీయండి. మీ కోర్సు పేజీలో పరీక్ష నమోదుకు చివరి తేదీ వెతకండి. దొరికినవాళ్లు నోటుబుక్కు అట్ట మీద రాయండి. దొరకనివాళ్లు ముందుకు రండి, కలిసి వెతుకుదాం.