మాట ఉండగానే
(మెదడు క్యాన్సర్ రోగుల కుటుంబ సభ్యుల కోసం హనుమకొండలో జరిగిన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం. నేను వైద్యురాలిని కాను, జూనియర్ కళాశాలలో పాఠాలు చెప్పుకునే మనిషిని. నా భర్త గ్లయోబ్లాస్టోమా అనే మెదడు క్యాన్సర్‌తో మరణించారు. ఈ జబ్బులో ప్రాణం కన్నా ముందు మాట పోవచ్చు, మాట కన్నా ముందే మనిషి స్వభావం మారిపోవచ్చు. అందుచేత భార్యాభర్తలు మాట్లాడుకోవలసినవి ఏవైనా ఉంటే జబ్బు బయటపడిన తొలిరోజుల్లోనే మాట్లాడుకోవాలి. నేను చెప్పదలచినది ప్రధానంగా ఇదే.

పెద్దవారి మెదడులోనే పుట్టే ప్రాణాంతక కణితులలో ఎక్కువగా కనిపించేది గ్లయోబ్లాస్టోమా. ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని 4వ గ్రేడులో, అంటే అన్నిటికన్నా తీవ్రమైన స్థాయిలో చేర్చింది. చేలో తుంగను ఎంత జాగ్రత్తగా పీకినా గడ్డలు మట్టిలో మిగిలినట్టు, శస్త్రచికిత్సలో కంటికి కనిపించిన కణితినంతా తీసివేసినా దాని కణాలు మెదడులో మిగిలే ఉంటాయి. అందుకే ఆపరేషన్ తరువాత దాదాపు 6 వారాలు రేడియేషన్, దానితో పాటు టెమోజోలమైడ్ అనే కీమోథెరపీ మాత్రలు ఇస్తారు. 2005లో వెలువడిన ప్రసిద్ధ అధ్యయనంలో రేడియేషన్ ఒక్కటే తీసుకున్నవారిలో సగం మంది 12.1 నెలలకు మించి జీవించగా, మాత్రలు కూడా తీసుకున్నవారిలో సగం మంది 14.6 నెలలకు మించి జీవించారు. కొద్దిమంది ఏళ్ల తరబడి ఉంటారు. అయితే ఆ నెలల్లో మనిషి తన మనసులోని మాటను తానే చెప్పగలిగేవి ఎన్ని అన్నది ఈ అంకెల్లో కనిపించదు.

మన వైపు రిపోర్టును రోగికి కనబడకుండా దాచే అలవాటు ఉంది. మా ఇంట్లోనూ పెద్దలు "సారుకు చెప్పకండ్రి, గుండె పగులుతది" అన్నారు. వారిది ప్రేమే, కాదనను. కానీ తన జబ్బేమిటో తెలియని మనిషి తన పిల్లలతో ఏం చెప్పుకోవాలో ఎలా తెలుసుకుంటాడు? మేము చెప్పాము. ఆయన ఒక రోజంతా ఎవరితోనూ మాట్లాడలేదు, మరునాడు పొద్దున్నే బ్యాంకు పాసుపుస్తకాలు ముందేసుకుని కూర్చున్నారు. నామినీ పేర్లు, ఫోను పాస్‌వర్డు, ఎవరికి ఎంత ఇవ్వవలసి ఉంది, అమ్మాయి చదువు, చివరికి ఇంట్లో ఉండాలా ఆసుపత్రిలో ఉండాలా అన్నవన్నీ ఆ రోజుల్లోనే తేలాయి. వెంటిలేటర్ వద్దని కూడా ఆయనే చెప్పారు. అటువంటి కోరికను ముందుగా రాసిపెట్టుకోవడాన్ని సుప్రీంకోర్టు 2018లో గుర్తించింది, 2023లో ఆ పద్ధతిని కొంత సులువు చేసింది.

చాలామందిలో మాటను నడిపేది మెదడు ఎడమభాగమే, ఆయన కణితి ఆ వైపునే ఉండడంతో మొదట దెబ్బతిన్నది మాట. ఒక సాయంత్రం ఆయన నా వైపు చేయి చాపి "తాళం ఇయ్యి" అన్నారు. బీరువా తాళం ఇచ్చాను, కాదన్నారు. బండి తాళం ఇస్తే దాన్ని గోడకేసి కొట్టారు. ఆయన చూపు ఎటుందో గమనించిన మా అమ్మాయి మంచినీళ్ల సీసా అందించింది, గటగటా తాగేశారు. ఆనాటి నుంచి నీళ్లు, కళ్లద్దాలు, తువాలు ఒక పళ్లెంలో పెట్టి మంచం పక్కనే ఉంచాము, కావలసినదాన్ని వేలితో చూపేవారు.

కోపం అంతకన్నా కష్టమైన సంగతి. ఏనాడూ గొంతు పెంచని మనిషి నన్ను అనరాని మాటలన్నారు. మెదడు ముందుభాగం దెబ్బతింటే ఇలా జరుగుతుంది. వాపు తగ్గించే డెక్సామెథసోన్ తలనొప్పిని తగ్గిస్తుంది గానీ నిద్రను చెడగొడుతుంది, అర్ధరాత్రి ఆకలి పుట్టిస్తుంది, షుగర్ పెంచుతుంది, చిరాకు తెస్తుంది. ఆ మాత్రను మీ అంతట మీరు ఉన్నపళంగా ఆపకూడదు, మార్పు ఏది కనిపించినా డాక్టరుకు చెప్పాలి. అది జబ్బు మాట్లాడించే మాట అని తెలిసినంత మాత్రాన అది తగలకుండా పోదు. తగిలిందని మీ దగ్గరివారితో చెప్పుకుంటే మీ సేవకు వచ్చే లోటేమీ లేదు.

ఫిట్స్ వచ్చినప్పుడు చేతిలో తాళాలు పెట్టడం, నోట్లో చెంచా కుక్కడం మానాలి. పక్కకు తిప్పి పడుకోబెట్టి సమయం చూడాలి, 5 నిమిషాలు దాటితే ఆసుపత్రికి తీసుకుపోవాలి. మింగడం కష్టమైన దశలో బలవంతంగా తినిపించకూడదు. ఆ సరికే పాలియేటివ్ వైద్యులను, అంటే నొప్పిని, బాధను తగ్గించడానికి చూసే వైద్యులను కలిసి ఉండడం మంచిది. వైద్యం ఆపేశారని దానికి అర్థం కాదు, బాధ తగ్గించడమూ వైద్యమే.

ఇక దుఃఖం గురించి. అది చావుతో మొదలు కాలేదు, ఆయన నా పేరు మరిచిన నాడే మొదలైంది. మనిషి ఎదురుగా ఉండగానే ఏడవడం అపశకునమని కసురుకునేవారు ఉంటారు, పట్టించుకోకండి. "ధైర్యంగా ఉండు" అని వచ్చి చాయ్ తాగి పోయినవారు చాలామంది, ఆ మాటతో నాకు ఒరిగిందేమీ లేదు. "అక్కా, నువ్వు పోయి పండుకో, రెండు గంటలు నేను కూసుంట" అన్న పొరుగింటి ఆమె వల్ల నిలబడ్డాను.

ఆయన పోయిన క్షణాన ఏడుపు కన్నా ముందు నాకు కలిగింది ఉపశమనం. నెలల తరబడి సేవ చేసినవారిలో ఇది చాలామందికి కలుగుతుంది, పాపమేమీ కాదు. ఆ తరువాత చాలాకాలం కళ్లు మూసుకుంటే మంచం మీది మనిషే కనిపించారు. పాత వాట్సాప్ వాయిస్ మెసేజ్‌లలో "బియ్యం తెచ్చుడా, వద్దా?" అని అడిగే గొంతు విన్నాకే జబ్బుకు ముందరి మనిషి కొద్దికొద్దిగా తిరిగి గుర్తుకు రాసాగారు.

పెత్తరమాస నాడు పొద్దున చనిపోయినవారి పేరు మీద బియ్యం ఇస్తాము, సాయంత్రం ఎంగిలిపూల బతుకమ్మ ఆడుతాము. ఆ ఏడు పొద్దున ఆయన పేరు మీద బియ్యం ఇచ్చిన నేను సాయంత్రం తంగేడు పూలు పేర్చడానికి కూర్చుంటే కొందరు ముఖం చిట్లించారు. భర్త పోయిన ఆడవారిని ఆట నుంచి దూరం పెట్టే ఆచారాన్ని నేను అంగీకరించను. మా అమ్మాయి బతుకమ్మను ఎత్తుకుంది, నేను వెంట వెళ్లాను.

నెలలు గడిచినా నిద్ర, తిండి, పని దారిలో పడకపోతే, బతకాలనిపించకపోతే 14416కు ఫోన్ చేయండి. 2022 అక్టోబరులో మొదలైన టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోను సేవ అది, తెలుగులోనూ మాట్లాడతారు. ఇప్పుడు మీరు అడగదలచినవి అడగండి. మందుల సంగతులకు డాక్టరుగారు జవాబిస్తారు, ఇంటి సంగతులు నాకు తెలిసినంతవరకు నేను చెబుతాను.