హెడ్ దించే ముందు బెండు దగ్గర చూడండి

యాంకర్: లైన్లో ఉన్నారు, చెప్పండి.

కాలర్: నమస్కారమండి. 125 సీసీ బండి. పొద్దున్నే స్టార్ట్ చేయగానే ఇంజన్ దగ్గర టిక్ టిక్ మంటోంది. వాల్వుల్ని నొక్కి తెరిచే టాపెట్లు పోయాయి, ఇంజన్ పైభాగం, అదే హెడ్ దించాలి అంటున్నారు.

మెకానిక్: హెడ్ సంగతి తర్వాత. బండి వేడెక్కాక సౌండ్ తగ్గుతోందా?

కాలర్: కొంచెం దూరం పోయాక తగ్గుతుందండి. కానీ ఎక్సలేటర్ వదిలితే వెనక టప్ టప్ మని పేలుతుంది.

మెకానిక్: ఈమధ్య సైలెన్సర్ విప్పారా?

కాలర్: పెయింట్ వేయడానికి విప్పామండి. మళ్లీ మేమే బిగించాం.

మెకానిక్: ప్యాకింగ్ కొత్తదేనా?

కాలర్: పాతదే పెట్టేశాం.

మెకానిక్: దొరికింది. బెండు, అంటే ఇంజన్ నుంచి సైలెన్సర్‌కి పోయే వంపు పైపు, హెడ్‌లో కూర్చునే చోట ఒక రింగు ఉంటుంది, ప్యాకింగ్ అంటే అదే. ఒకసారి నలిగితే మళ్లీ సరిగ్గా కూర్చోదు. ఇంజన్లో పెట్రోల్ మండినప్పుడల్లా ఆ సందులోంచి పొగ చిమ్ముతుంది, వినడానికి అచ్చం టాపెట్టే. వేడికి లోహం సాగి సందు కాస్త మూసుకుంటుంది, అందుకే తగ్గుతోంది. ఎక్సలేటర్ వదిలినప్పుడు బయటి గాలి అక్కడి నుంచే లోపలికి పోతుంది, కాలకుండా మిగిలిన పెట్రోల్ సైలెన్సర్లో అంటుకుంటుంది. ఆ టప్ టప్ అదే.

యాంకర్: ఇంటి దగ్గరే చూసుకోవచ్చా?

మెకానిక్: భేషుగ్గా. బండి చల్లగా ఉన్నప్పుడు ఆ జాయింటు మీద సబ్బునీళ్లు కొట్టి స్టార్ట్ చేయండి. లీకుంటే బుడగలొస్తాయి. చుట్టూ నల్లటి మసి ఉన్నా అనుమానించాల్సిందే. చెయ్యి మాత్రం పెట్టకండి. ఇదంతా ఆరుబయటే, మూసిన గదిలో ఇంజన్ నడపొద్దు. కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన కూడా ఉండదు. కొత్త రింగు వేశాక రెండు నట్లూ మార్చి మార్చి, కొద్దికొద్దిగా బిగించండి. బలం చూపిస్తే ఆ నట్టు ఎక్కే స్టడ్డు విరుగుతుంది, అప్పుడు నిజంగానే హెడ్ దించాలి!

యాంకర్: (నవ్వుతూ) ఒకవేళ టాపెట్టే అయితేనో?

మెకానిక్: ఇంజన్ చల్లారాక సందు కొలిచే పల్చటి రేకులు, అదే ఫీలర్ గేజ్ పెట్టి టాపెట్టుకీ వాల్వుకీ మధ్య కంపెనీ చెప్పిన గ్యాపు ఉంచాలి. సౌండే రాకూడదని గట్టిగా బిగించేస్తారు చూడండి, నాకు ఒళ్లు మండేది అక్కడే. వాల్వు పూర్తిగా మూసుకోక కాలిపోతుంది. మోగే టాపెట్టు కన్నా బిగుసుకున్న టాపెట్టే ప్రమాదం.

యాంకర్: ఇంకో కాల్. చెప్పండమ్మా.

కాలర్ 2: మా బండి ఎత్తు ఎక్కేటప్పుడు లోపల ధన్ ధన్ మని కొడుతోందండి.

మెకానిక్: క్లచ్ నొక్కితే సౌండ్ మారుతోందామ్మా?

కాలర్ 2: లేదండి. ఎక్సలేటర్ ఇచ్చేకొద్దీ గట్టిగా వస్తోంది.

మెకానిక్: ఆయిల్ చూసి ఎన్నాళ్లయింది?

కాలర్ 2: గుర్తులేదండి.

మెకానిక్: అయితే ఇక స్టార్ట్ చేయొద్దు. మెయిన్ స్టాండు వేసి ఆయిల్ కొలిచే స్టిక్ తీసి చూడండి. ఆయిల్ కింది గీత కన్నా దిగిపోతే, పిస్టన్‌ని తిప్పే ఇరుసుకి కలిపే కనెక్టింగ్ రాడ్ బేరింగ్ ఎండి అరిగి ఉండొచ్చు. ఆయిల్ పోసినా అరిగిన బేరింగ్ తిరిగి రాదు. షెడ్డుకి నడుపుకుంటూ కాదమ్మా, వేరే బండి మీద ఎక్కించి పంపండి.