చాదస్తం అనే మాట

సభాధ్యక్షులకు, వేదికపైనున్న పెద్దలకు, ఇక్కడికి వచ్చిన మీ అందరికీ నమస్కారం.

వృద్ధాప్యంలో మెదడు ఆరోగ్యం గురించి మాట్లాడమన్నారు. నేను వైద్యుణ్ని కాను. ఆరేళ్లుగా తల్లిని చూసుకుంటున్న కొడుకును. అందువల్ల ముందుగా మన భాషలోని ఒక మాట మీద నా ఫిర్యాదు చెప్పుకుంటాను. చెప్పిందే చెబితే చాదస్తం, అడిగిందే అడిగితే చాదస్తం, తాను పెట్టిన వస్తువు కోసం తానే ఇల్లంతా వెతికితే అదీ చాదస్తమే. ఆ మాట ఒకసారి అనేశాక, ఇక చేయవలసిందేమీ లేదన్నట్టు ఇంటిల్లిపాదీ నిశ్చింతగా ఉండిపోతారు. మేమూ అలాగే రెండేళ్లు ఉండిపోయాం.

మా అమ్మ ఇంటి జమాఖర్చులు ఏనాడూ తప్పకుండా రాసేది. ఒకసారి ఆ పుస్తకం తిరగేస్తే, ఒకే కరెంటు బిల్లు ఒకే పేజీలో మూడుచోట్ల కనబడింది. దస్తూరీ మాత్రం ఎప్పటిలాగే ముత్యాల్లా ఉంది. ఎవరి పేరో నాలుక చివర ఉండి బయటికి రాకపోవడం, కాసేపటికి తట్టడం అందరికీ జరిగేదే. కానీ చేతికి అంతగా అలవాటైన పనిలో తడబాటు మొదలై, నెలల తరబడి పెరుగుతూ ఉంటే, అది వైద్యుడికి చెప్పవలసిన సంగతి.

డిమెన్షియా అనేది ఒక్క జబ్బు పేరు కాదు. జ్ఞాపకశక్తి, ఆలోచన, నిర్ణయశక్తి సన్నగిల్లి రోజువారీ పనులు కుంటుపడే స్థితికి పెట్టిన పేరు. దానికి దారితీసే జబ్బుల్లో అల్జీమర్స్‌దే సింహభాగం, 60 నుంచి 70 శాతం వరకు. 1901లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో డాక్టర్ అలోయిస్ అల్జీమర్ పరీక్షించిన ఆగస్టె డీటర్ వయసు 51 ఏళ్లే. ఆమె 1906లో మరణించాక, ఆమె మెదడులో కనబడిన మచ్చలను, చిక్కుపడిన పోగులను ఆయన అదే ఏడాది నవంబరులో ట్యూబింగెన్‌లో జరిగిన వైద్యుల సభలో వివరించారు. నూరేళ్లు దాటినా మనం మాత్రం నెపాన్ని ఇంకా వయసు మీదే వేస్తున్నాం.

ఆలస్యం వల్ల నష్టం ఏమిటంటే, మతిమరుపుగా కనబడేదంతా అల్జీమర్స్ కాదు. థైరాయిడ్ లోపం, విటమిన్ బి12 తగ్గడం, దిగులు జబ్బు, నిద్రకో అలర్జీకో వాడే కొన్ని మాత్రలు కూడా మనిషిని అలాగే మార్చగలవు. వీటిలో చాలావాటికి చికిత్స ఉంది. ఇక నిన్నటిదాకా బాగున్న పెద్దాయన ఈ రోజు హఠాత్తుగా మనుషుల్ని పోల్చుకోలేక కలవరిస్తుంటే, మూత్రనాళ ఇన్ఫెక్షనో, ఒంట్లో నీరు తగ్గడమో, మరేదైనా కారణమో ఉండవచ్చు. దాన్ని డెలీరియం అంటారు; అది అదే రోజు ఆసుపత్రికి తీసుకువెళ్లవలసిన పరిస్థితి.

నివారణ సంగతికి వస్తే, 2024లో లాన్సెట్ అనే వైద్య పత్రిక ఏర్పాటు చేసిన నిపుణుల కమిషన్ మార్చగలిగిన కారణాలను 14గా లెక్కవేసి, వాటన్నిటినీ జీవితమంతా అదుపులో పెట్టగలిగితే డిమెన్షియా కేసుల్లో దాదాపు 45 శాతం రాకుండానో, ఆలస్యంగా వచ్చేటట్టో చేయవచ్చని అంచనా కట్టింది. ఇది సమాజం మొత్తానికి వేసిన లెక్క. ఏ ఒక్కరికీ ఇచ్చిన హామీ కాదు. అన్నీ జాగ్రత్తగా పాటించినవారికీ ఈ జబ్బు రావచ్చు, అది వారి తప్పు కాదు. రక్తపోటు, మధుమేహం, పొగతాగడం, వ్యాయామం లేకపోవడం, ఒంటరితనం ఆ జాబితాలో ఉంటాయని మీరు ఊహించే ఉంటారు. చెవిని ఎవరూ ఊహించరు. సరిగా వినబడని మనిషి నలుగురిలో కూర్చోవడం మానేస్తాడు, అరకొరగా వినబడ్డ మాటల్ని అతికించుకోవడానికే మెదడు అలసిపోతుంది. 2023లో వెలువడిన ఒక పరిశోధనలో 70 నుంచి 84 ఏళ్ల వారిని మూడేళ్లు గమనిస్తే, వినికిడి యంత్రాల వల్ల అందరి మీదా కలిపి చూసినప్పుడు తేడా కనబడలేదు గానీ, ముప్పు ఎక్కువగా ఉన్నవారిలో మాత్రం మెదడు శక్తి తగ్గే వేగం దాదాపు సగం మందగించింది. కళ్లజోడు పెట్టుకోవడానికి సిగ్గుపడని మనం చెవికి యంత్రం పెట్టుకోవడానికి ఎందుకు అంత సంకోచిస్తామో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

జబ్బు వచ్చాక మందుల పాత్ర పరిమితం, మన మాటతీరు పాత్ర ఎక్కువ. పొద్దు వాలేసరికి మా అమ్మ సంచి సర్దుకుని, "ఇంటికి వెళ్దాం పద" అంటుంది. ఇదే మన ఇల్లని మొదట్లో నేను వాదించేవాణ్ని; గోడ మీది ఫొటోలు చూపించేవాణ్ని. నేను గెలిచిన ప్రతిసారీ ఆమె ఏడ్చేది. వాదన సంగతి ఆమె మరిచిపోయినా, ఆ బెదురు రాత్రి దాకా పోయేది కాదు. ఇప్పుడు దీపాలు పెందలాడే వేసి, "ఇంటి దగ్గర ఎవరెవరున్నారమ్మా?" అని అడుగుతాను. చిన్నప్పటి పెరడు, అక్కడి బావి, అన్నదమ్ములు ఒక్కొక్కరే వస్తారు. సంచి చేతిలోనే ఉంటుంది, కానీ పట్టు సడలుతుంది. దీన్ని అబద్ధమని అనేవారున్నారు. ఆమె అడిగేది చిరునామా కాదని నేననుకుంటున్నాను.

చూసుకునేవారి గురించి ఒక్క మాట. అమ్మ రక్తపోటు నెలనెలా చూపిస్తూ, పక్కనే కూర్చున్న నేను నాలుగేళ్లు నాది చూపించుకోలేదు. ఒక రోజు ఆ నర్సమ్మే చొరవ చేసి నా చేతికీ పట్టీ చుట్టింది. పై అంకె 170 దాటింది. ఇంటికి రాగానే చెల్లెలికి ఫోన్ చేశాను. అప్పటినుంచి వారానికి రెండు రోజులు అమ్మ దగ్గర తను ఉంటోంది, ఆ రెండు రోజులూ నేను ఉదయం గంటసేపు నడుస్తున్నాను.