జ్వరంతో పాటు చెప్పవలసిన మాట

సభలోని పెద్దలకు, రైతు సోదరులకు, ఊడ్పుల పని మానుకుని మరీ వచ్చిన అక్కచెల్లెళ్లకు నమస్కారం.

పశువైద్యుడిగా కోనసీమ లంకల్లో పనిచేసిన తొలి సంవత్సరాల్లో, ఒక వానాకాలం రాత్రి, ఎనిమిదో నెలలో ఈసుకుపోయిన గేదెకు మాయ పడలేదని కబురొస్తే పడవ మీద వెళ్లి, చేతికి తొడుగు లేకుండానే భుజం దాకా లోపలికి పెట్టి ఆ మాయను తీశాను. లాంతరు వెలుతురులో అది మామూలు కంటే మందంగా, తోలులా గట్టిపడి కనిపించింది. నా మోచేతి మీద అంతకు ముందురోజు గీసుకుపోయిన చోటు ఇంకా పచ్చిగానే ఉంది. మూడు వారాల తర్వాత సాయంత్రమయ్యేసరికి జ్వరం, తెల్లవారేసరికి పక్కబట్టలు తడిసేటంత చెమట, కూర్చోనివ్వని నడుం నొప్పి మొదలయ్యాయి. టైఫాయిడ్ అన్నారు. మందులు వాడితే తగ్గినట్టే తగ్గి మళ్లీ వచ్చింది. రెండు నెలలు గడిచాక ఒక పెద్ద డాక్టరుగారు నన్ను పరీక్షిస్తూ “మీరేం పని చేస్తారు?” అని అడిగారు. అంతవరకూ ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. రక్తపరీక్షలో, పశువుల నుంచి మనుషులకు అంటే బ్రూసెల్లోసిస్ అనే జబ్బని తేలింది. ఆరు వారాల పాటు రెండు రకాల మందులు వాడితే గాని నయం కాలేదు.

ఈ రోజు నేను మీతో చెప్పదలచుకున్నది ఆ ప్రశ్న గురించే. పశువుల నుంచి, ఎలుకల నుంచి, పిడుదుల నుంచి మనుషులకు అంటే బాక్టీరియా జబ్బుల్లో చాలావరకు మొదట్లో ఒకే తీరుగా, అంటే జ్వరం, తలనొప్పి, ఒళ్లునొప్పులుగానే కనిపిస్తాయి కాబట్టి, రోగి గత నెల రోజుల్లో ఏ నీళ్లలో దిగాడో, ఏ పశువును ముట్టుకున్నాడో తెలియకపోతే ఎంత మంచి డాక్టరైనా చీకట్లో వెతుక్కోవలసిందే.

మన ప్రాంతంలో కనిపించకపోయినా, ఈ సంగతిని అన్నిటికంటే స్పష్టంగా చూపించే జబ్బు తులరీమియా. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో తులారే అనే జిల్లా పేరు మీద దానికి ఆ పేరు వచ్చింది. 1911లో మెకాయ్ అనే శాస్త్రవేత్త నేల ఉడుతల్లో ప్లేగు కోసం వెతుకుతూ, ప్లేగులా ఉన్నా ప్లేగు కాని ఈ జబ్బును గుర్తించాడు. తర్వాత ఎడ్వర్డ్ ఫ్రాన్సిస్ అనే వైద్యుడు, కుందేళ్లను కోసేవారికీ, ఈగలూ పిడుదులూ కుట్టినవారికీ వచ్చే జ్వరం అదేనని తేల్చాడు. ఆ పరిశోధనలోనే ఆయనకూ ఆ జబ్బు అంటుకుంది. క్రిమి ప్రవేశించిన చోట పుండు పడుతుంది, చంకలోనో గజ్జలోనో బిళ్ల కడుతుంది. పది క్రిములు చాలు, జబ్బు రావడానికి. 1925లో జపాన్‌లో ఒహారా అనే వైద్యుడు, చచ్చిన కుందేలు రక్తాన్ని తన భార్య అంగీకారంతోనే ఆమె చేతి మీద రాస్తే ఆమె జబ్బుపడింది. ఆ ఇల్లాలి ధైర్యాన్ని తలుచుకున్నప్పుడల్లా నాకు మనసు బరువెక్కుతుంది. చేతి మీద పుండు, చంకలో బిళ్ల చూస్తే అక్కడ అడగవలసిన ప్రశ్న “కుందేలును కోశారా?” అన్నదే. మన దగ్గర అడగవలసిన ప్రశ్నలు వేరు.

1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది మొదలు మనది నీరు నిలిచే నేల. సార్వా, దాళ్వా రెండు పంటలకూ కాలువ నీరు పారుతుంది, గట్లలో ఎలుకలు బొరియలు తవ్వుతాయి, చేలో బుట్టలు పెట్టి వాటిని పట్టించని రైతు మనలో లేడు. ఎలుక జ్వరం అని మనం పిలిచే లెప్టోస్పైరోసిస్ క్రిమి ఆ ఎలుక మూత్రపిండాల్లో దానికి ఏ హానీ చేయకుండా కాపురం ఉండి, మూత్రంతో పాటు నీళ్లలోకి వస్తుంది. వెచ్చని తడినేలలో వారాల తరబడి బతుకుతుంది. పొద్దుటి నుంచి బురదలో నాని మెత్తబడ్డ అరికాలు, పగిలిన మడమ, గడ్డిపోచ కోసిన వేలు దానికి చాలు. పశువులు, పందులు, కుక్కల మూత్రంలోనూ అది ఉండవచ్చు. 1915లో జపాన్‌లో ఇనాడా, ఇడో అనే వైద్యులు మొదట ఈ క్రిమిని పట్టుకున్నారు.

సాధారణంగా వారం, రెండు వారాలకు ఉన్నట్టుండి జ్వరం వస్తుంది. పిక్కలు పట్టుకుంటే ప్రాణం పోయేంత నొప్పి. కళ్లు ఎర్రబడతాయి గాని కళ్లకలకలో లాగా పుసి కట్టవు. ఈ రెండూ కలిస్తే అనుమానించాలి. ముదిరితే కామెర్లు వస్తాయి, మూత్రం తగ్గిపోతుంది, ఊపిరితిత్తుల్లో రక్తం కారుతుంది. కామెర్లు కనిపించగానే పసరు మందుకు వెళ్లడం మన ఊళ్లలో పాత అలవాటు. ఆ రెండు మూడు రోజుల ఆలస్యంలోనే మూత్రపిండాలు దెబ్బతింటాయి. తొలి రోజుల్లో డాక్టరు చేతికి వెళితే డాక్సీసైక్లిన్ వంటి చవక మందుతో నయమయ్యే జబ్బిది.

స్క్రబ్ టైఫస్ మరో రకం జ్వరం. పొదల్లో, గడ్డిలో ఉండే, కంటికి ఆనని నల్లి (మంచంలో నల్లి కాదు) పిల్ల కుట్టడం వల్ల వస్తుంది. కుట్టిన చోట సిగరెట్టుతో కాల్చినట్టు నల్లటి పెచ్చు కడుతుంది, నొప్పి ఉండదు. అది చంకలోనో, గజ్జలోనో, రొమ్ము కిందనో ఉంటుంది కాబట్టి బట్టలు తీసి చూస్తే తప్ప దొరకదు. కొబ్బరి తోటలో గడ్డి కోసే ఆడవాళ్లు సిగ్గుపడి ఆ సంగతి దాస్తారు. తల్లులారా, అది దాచవలసిన మచ్చ కాదు.

ఇక పిడుదు సంగతి. కుక్క పిడుదుల వల్ల వచ్చే టిక్ టైఫస్ అనే జ్వరం మన దేశంలో ఉంది. గేదెకో కుక్కకో పట్టిన పిడుదును గోటితో చిదమవద్దు. ఒంటి మీద పట్టుకుంటే పట్టకారుతో చర్మానికి దగ్గరగా పట్టి నిలువునా లాగి, చేతులు సబ్బుతో కడుక్కోండి.

బ్రూసెల్లోసిస్ మాట మళ్లీ ఎత్తుతున్నాను, ఎందుకంటే దాన్ని పశువులోనే ఆపవచ్చు. 1887లో మాల్టా దీవిలో డేవిడ్ బ్రూస్ అనే సైనిక వైద్యుడు ఈ క్రిమిని కనుగొన్నా, అది మేకపాల నుంచి వస్తోందని జమ్మిత్ అనే వైద్యుడు 1905లో తేల్చేవరకూ అక్కడి బ్రిటిష్ సైనికుల జబ్బు తగ్గలేదు. గుమ్మపాలు బలమని పిల్లలకు పట్టే ఇళ్లు మన దగ్గర ఇంకా ఉన్నాయి. పాలు పొంగేదాకా కాచండి. ఈసుకుపోయిన దూడను, మాయను కాలువలో పారేయకుండా, కుక్కలకు దొరకకుండా, లోతైన గోతిలో సున్నం వేసి పూడ్చండి. వట్టి చేతులతో ముట్టుకోవద్దు. నాలుగు నుంచి ఎనిమిది నెలల వయసున్న ఆడదూడకు ఒక్కసారి వేసే టీకా ఉంది. 2019లో మొదలైన జాతీయ కార్యక్రమం కింద దాన్ని ఉచితంగా వేస్తున్నారు. మీ దొడ్లో దూడ ఏ నెలలో పుట్టిందో ఇంటికెళ్లి లెక్క చూసుకోండి, ఎనిమిది నెలలు దాటితే ఆ టీకా వేయరు.